ఎల్బీనగర్ దాటాక అయిదో గేరు



హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఒక కారు బయలుదేరి విజయవాడ వైపు వెళుతోందనుకుందాం. చైతన్యపురి, కొత్తపేట, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ కూడలి చేరేదాకా డ్రైవరు చెయ్యి ఒకటి, రెండు, మూడు గేర్ల మధ్యనే తిరుగుతూ ఉంటుంది. వనస్థలిపురం, హయత్‌నగర్ గడిచి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కూడలి వెనక్కి పోయాక రోడ్డు విప్పారుతుంది. అప్పుడు అదే చెయ్యి గేరు రాడ్డును అయిదో గేరులోకి తోస్తుంది. ఇంజిన్ రొద తగ్గిపోతుంది, బండి వేగం మాత్రం అలాగే ఉంటుంది. రొద ఎందుకు తగ్గింది, అది తగ్గినా వేగం ఎలా నిలిచింది అన్న ప్రశ్నలకు జవాబు ఓవర్‌డ్రైవ్ అనే మాటలో ఉంది. ఆ పేరు విన్నవారు చాలామంది అది బండికి అదనపు బలాన్నిచ్చే ఏర్పాటు అనుకుంటారు. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది వేరు. ఓవర్‌డ్రైవ్ వేస్తే చక్రానికి అందగల బలం తగ్గుతుంది. అది ఇంజిన్‌కు విశ్రాంతినిచ్చే గేరు. ఆ విశ్రాంతి ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలుసుకున్నవారికే దాని లాభం దక్కుతుంది.

ముందు గేరు చేసే పని చూద్దాం. పెద్ద బండరాయిని కదిలించాలంటే గడ్డపార కింద చిన్న రాయి పెట్టి, పొడవైన కొసను పట్టుకుని నొక్కుతాం. చెయ్యి మూరెడు కిందికి దిగితే బండ బెత్తెడు కూడా లేవదు, కానీ లేస్తుంది. దూరాన్ని ఇచ్చి బలాన్ని కొనుక్కున్నామన్నమాట. ఒకటో గేరు చేసేది ఇదే. ఇంజిన్ చాలాసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది, కానీ నిలబడి ఉన్న బండిని గుంజుకుపోతుంది. ఇక ఇదే రోడ్డు మీద ముందుకు పోతే వచ్చే చౌటుప్పల్, పోచంపల్లి ప్రాంతపు నేత కుటుంబాల్లో కండెలు చుట్టే రాట్నాన్ని తలచుకోండి. చేత్తో పెద్ద చక్రాన్ని నింపాదిగా ఒక చుట్టు తిప్పితే కదురు గిర్రున ఎన్నో చుట్లు తిరుగుతుంది. ఇక్కడ బేరం తిరగబడింది. బలాన్ని ఇచ్చి వేగాన్ని తీసుకున్నాం. ఆ కదురును వేలితో పట్టుకుంటే ఆగిపోతుంది, దానికి అంత బలమే ఉంది. అయినా పని సాగుతుంది, ఎందుకంటే నూలుపోగును చుట్టడానికి పెద్ద బలం అక్కరలేదు. గేర్‌బాక్స్‌లోకి వచ్చే ఇరుసు కంటే బయటికి పోయే ఇరుసు ఎక్కువ చుట్లు తిరిగితే ఆ గేరును ఓవర్‌డ్రైవ్ అంటారు. ‘ఓవర్’ అన్న మాట ఆ బయటి ఇరుసుకు చెందుతుంది. ఇంజిన్‌ను మించి తిరిగేది ఆ ఇరుసు. ఇంజిన్ తన శక్తికి మించి పనిచేస్తోందని దాని అర్థం కానే కాదు.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. లెక్క తేలిక కోసం ఒక చిన్న కారును ఊహించుకుందాం. దాని చక్రం ఒక చుట్టు తిరిగితే బండి 1.9 మీటర్లు సాగుతుంది. గేర్‌బాక్స్ తర్వాత, చక్రాలకు ముందు, ఎప్పుడూ మారని మరో పళ్ళ చక్రాల జత ఉంటుంది. దాని నిష్పత్తి నాలుగుకు ఒకటి అనుకుందాం. గేరు నిష్పత్తి సరిగ్గా ఒకటి అయితే ఇంజిన్ నాలుగు చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అయిదో గేరు నిష్పత్తి ముప్పావు, అంటే 0.75 అయితే ఇంజిన్ మూడు చుట్లకే చక్రం ఒక చుట్టు పూర్తి చేస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఈ కారు చక్రం నిమిషానికి సుమారు 700 సార్లు తిరుగుతుంది. ఒకటి నిష్పత్తి ఉన్న గేరులో ఇంజిన్ నిమిషానికి 2,800 చుట్లు తిరగాలి, అయిదో గేరులో 2,100 చాలు. ఎల్బీనగర్ నుంచి విజయవాడకు సుమారు 260 కిలోమీటర్లు. దారంతా అయిదో గేరులోనే పోగలిగితే ఇంజిన్‌కు దాదాపు 1,37,000 చుట్లు తప్పుతాయి. ప్రతి చుట్టులోనూ పిస్టన్లు సిలిండరు గోడలను రాసుకుంటూ పైకీ కిందికీ పోతాయి, వాల్వుల స్ప్రింగులు నొక్కుకుంటాయి, ఆయిల్ పంపు తిరుగుతుంది. అయిదో గేరు మిగిల్చేది ఈ శ్రమనంతటినీ.

ఇక్కడ ఆలోచించే శ్రోతకు ఒక సందేహం రావాలి. అదే బండి, అదే వేగం, అదే రోడ్డు. గాలిని చీల్చుకుపోవడానికి, టైర్ల ఒరిపిడిని తట్టుకోవడానికి కావలసిన శక్తి మారలేదు. మరి పెట్రోలు ఎక్కడ మిగిలింది? గేరు మార్చినంత మాత్రాన ప్రకృతి మనకు ఉచితంగా శక్తినిస్తుందా? ఇవ్వదు. చక్రం దగ్గర చేయవలసిన పని రెండు గేర్లలోనూ ఒక్కటే. తగ్గేది ఇంజిన్ తన లోపల తనే చేసుకునే వృథా పని. ఒరిపిడి గురించి ఇప్పుడే చెప్పుకున్నాం. పెట్రోలు ఇంజిన్‌లో రెండో వృథా ఒకటుంది. యాక్సిలరేటరు కొద్దిగా మాత్రమే తొక్కినప్పుడు గాలి లోపలికి వచ్చే దారిలోని తలుపు దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్ ఆ సన్నని సందులోంచి గాలిని బలవంతంగా పీల్చుకోవాలి. రోడ్డు పక్కన కొబ్బరిబోండాం కొనుక్కుని, నలిగిపోయిన స్ట్రాతో తాగి చూడండి, పీల్చడానికే దవడలు నొప్పి పుడతాయి. అదే పనిని తక్కువ చుట్లలో చేయాలంటే ఒక్కో చుట్టులో ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు లోపలికి పోవాలి. అందుకు ఆ తలుపు మరింత తెరుచుకుంటుంది, పీల్చే శ్రమ తగ్గుతుంది. డీజిల్ ఇంజిన్లలో ఈ రెండో వృథా తక్కువే, అక్కడ ప్రధానంగా మిగిలేది ఒరిపిడి. ఏ ఇంజిన్ అయినా మిగులు ఇలా ఇంజిన్ లోపలి నష్టంలోంచే వస్తుంది. అందుకే అది అపారమైన మిగులు కాదు, కానీ కిలోమీటరు తర్వాత కిలోమీటరు నిలకడగా వచ్చే మిగులు.

ఇంత మంచి గేరు మన కార్లలోకి ఆలస్యంగా ఎందుకు వచ్చింది? దానికి జవాబు రోడ్డు చెబుతుంది. అమెరికాలో 1930లలోనే క్రైస్లర్ వంటి కార్లకు ఓవర్‌డ్రైవ్ అమరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఎడ్గర్ డి నార్మన్‌విల్ రూపకల్పనతో షెఫీల్డ్‌లోని లేకాక్ సంస్థ ఒక ఓవర్‌డ్రైవ్ పెట్టెను తయారుచేసింది. మామూలు గేర్‌బాక్స్ వెనక దాన్ని బిగించి, ఒక స్విచ్చుతో వేసుకునేవారు. మధ్యలో ఒక పళ్ళ చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి ఒక వలయం ఉండే ఏర్పాటు అది. మధ్య చక్రాన్ని కదలకుండా పట్టుకుని చిన్న చక్రాల చట్రాన్ని తిప్పితే బయటి వలయం ఇంకా వేగంగా తిరుగుతుంది. మన దగ్గర రాజ్యమేలిన అంబాసిడర్ కూడా బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానమే. అయినా అది చాలాకాలం నాలుగు గేర్లతోనే నడిచింది, ప్రీమియర్ పద్మినీ అంతే. 1983 చివర వచ్చిన మారుతి 800 కూడా నాలుగు గేర్లతోనే మొదలైంది. రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగవలసిన రోడ్ల మీద, ఊరూరా వేగం తగ్గించవలసిన ప్రయాణాల్లో, గంటకు 80 నిలకడగా పోయే అవకాశం లేనప్పుడు అయిదో గేరు వల్ల ప్రయోజనం ఏముంటుంది? 1973 చమురు సంక్షోభం ప్రపంచానికి పొదుపు నేర్పింది, తర్వాత మన జాతీయ రహదారులు నాలుగు వరుసలయ్యాయి. పొదుపు అవసరం, మంచి రోడ్డు రెండూ కలిశాకే అయిదో గేరుకు పూర్తి ప్రయోజనం దక్కింది.

అయిదో గేరుకు తగిన రోడ్డు కావాలన్న ఈ మాటకు సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు, దిల్‌సుఖ్‌నగర్‌కే తిరిగి వద్దాం. సాయంత్రం కోచింగ్ సెంటర్లు వదిలే వేళ, బట్టల దుకాణాలు కిటకిటలాడే వేళ, ఆ రోడ్డు మీద కారు గంటకు 30 కిలోమీటర్ల వేగం అందుకోవడమే గొప్ప. మనం ఊహించుకున్న కారు ఆ వేగంలో అయిదో గేరులో ఉంటే ఇంజిన్ నిమిషానికి 800 చుట్ల లోపే తిరగాలి. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఊరికే తిరిగే వేగం కూడా దాదాపు అంతే. అంటే పెద్దగా బలం పుట్టని చోట బండిని గుంజమని అడుగుతున్నామన్నమాట. అదే 30 వేగంలో, నిష్పత్తి 1.3 ఉన్న మూడో గేరు వేస్తే ఇంజిన్ 1,370 దాకా తిరుగుతుంది, ఊపిరి పీల్చుకుంటుంది. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా ఇంతే. వాలు మీద బండి బరువు వెనక్కి లాగుతుంది, రాట్నపు కదురుకున్న బలం దానికి చాలదు. అదే రోడ్డు మీద, తల పైన, మెట్రో రైలు పోతూ ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి అమీర్‌పేట, ఎల్బీనగర్‌ల మధ్య నడుస్తున్న ఆ రైలుకు గేర్లు మార్చే పని లేదు. విద్యుత్ మోటారు నిలబడిన చోటు నుంచే పూర్తి బలంతో లాగగలదు, చాలా విస్తారమైన వేగాల్లో బాగా పనిచేస్తుంది. ఒకే స్థిరమైన పళ్ళ చక్రాల జత దానికి చాలు. పెట్రోలు ఇంజిన్ ఒక ఇరుకైన వేగపు పరిధిలో మాత్రమే హాయిగా ఉంటుంది. ఆ పరిధిలో దాన్ని నిలిపి ఉంచడానికే ఇన్ని గేర్లు, చివర ఓవర్‌డ్రైవ్.

అనుభవజ్ఞులైన డ్రైవర్లు, మెకానిక్కులు చెప్పే ఒక అభ్యంతరం బలమైనది. టాప్ గేరులో తక్కువ వేగంతో నడిపితే ఇంజిన్ పాడవుతుంది, కాబట్టి కాస్త రేజ్‌లోనే నడపాలి అంటారు. ఇందులో మొదటి సగం నిజం. తక్కువ చుట్లలో ఉన్న ఇంజిన్‌ను యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి గుంజమంటే బండి వణుకుతుంది, లోపల కటకటమని చప్పుడు వస్తుంది. పెట్రోలు సరైన క్షణానికి ముందే మండడం వల్ల వచ్చే చప్పుడది, పిస్టన్లకు అది దెబ్బ. ఇప్పటి టర్బో ఇంజిన్లలో ఆ తప్పు ఇంకా ప్రమాదకరం. కానీ దీన్నుంచి అయిదో గేరే చెడ్డదన్న తీర్పుకు రాకూడదు. చెడ్డది తక్కువ చుట్లు, ఎక్కువ బరువు ఒకేసారి కలవడం. సమతలమైన రోడ్డు మీద 80 వేగంలో 2,100 చుట్లు తిరిగే ఇంజిన్ మీద బరువు స్వల్పమే, దానికి హాని లేదు. బండి గుంజడం లేదని అనిపించిన క్షణాన గేరు తగ్గించాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, కృష్ణ ఒడ్డున ఉన్న విజయవాడ చాలా దిగువన ఉంది. కనుక తిరుగు ప్రయాణం మొత్తం మీద ఎత్తుకు ఎక్కే ప్రయాణం. నిండుగా మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ నడుస్తున్న కారు ఎగువకు వచ్చేటప్పుడు కొన్నిచోట్ల నాలుగో గేరు అడుగుతుంది. ఇవ్వడం మన విధి.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. టాప్ గేరులో పికప్ ఉండదు, ఓవర్‌టేక్ చేయలేం, కాబట్టి ఆటోమేటిక్ కారులో ఓవర్‌డ్రైవ్ ఎప్పుడూ ఆపి ఉంచడమే మేలు అని కొందరంటారు. నాలుగు గేర్ల పాత ఆటోమేటిక్ కార్లలో గేరు రాడ్డు పక్కన ఒక చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే డ్యాష్‌బోర్డు మీద ‘ఓ/డి ఆఫ్’ అన్న దీపం వెలుగుతుంది. ఇక్కడే తికమక. దీపం వెలిగిందంటే ఏదో పనిచేస్తోందని మనసు చెబుతుంది, కానీ ఆ దీపం వెలిగితే ఓవర్‌డ్రైవ్ ఆగిపోయిందని అర్థం. అది తెలియక దీపం వెలిగించుకునే విజయవాడ దాకా పోయినవారి ఇంజిన్ దారి పొడవునా అనవసరంగా అరుస్తుంది. పికప్ మాట నిజమే. మన లెక్కలో మూడో గేరు ఇంజిన్ బలాన్ని 5.2 రెట్లు చేసి చక్రానికిస్తే, అయిదోది 3 రెట్లే ఇస్తుంది. అందుకే లారీని దాటాలనుకున్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు, దిగుడులో బ్రేకుల మీద భారం తగ్గించాలనుకున్నప్పుడు ఆ బొత్తాం నొక్కాలి. పని కాగానే మళ్ళీ నొక్కి ఓవర్‌డ్రైవ్‌ను పనిలోకి పిలవాలి. అవసరం కొన్ని క్షణాలది, దానికోసం ప్రయాణమంతా పొదుపును వదులుకోవడం సరికాదు. ఇప్పటి ఆటోమేటిక్ కార్లు యాక్సిలరేటరు గట్టిగా తొక్కగానే తమంతట తామే గేరు తగ్గించుకుంటాయి, కాబట్టి వాటిలో ఈ అభ్యంతరానికి బలం ఇంకా తగ్గింది.

చుట్లు తగ్గడమే లాభమైతే, దిగుడులో న్యూట్రల్ చేసుకుంటే ఇంకా లాభం కదా అని అడిగేవారున్నారు. ఇది ప్రమాదకరమైన పొరపాటు, అందుకే విడిగా చెప్పాలి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో బండి గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ తనంతట తాను తిరగాలి కాబట్టి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ వెనక్కి పట్టి ఉంచే బలం పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఓవర్‌డ్రైవ్ గేరే, న్యూట్రల్ కాదు. అది ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య నిష్పత్తిని మారుస్తుందే గాని బంధాన్ని తెంచదు.

నగరంలోనే తిరిగే మాకు ఇదంతా దేనికి అని దిల్‌సుఖ్‌నగర్ శ్రోత అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు ఎల్బీనగర్ కూడలిని, ఆ తర్వాత పంతంగి టోల్‌ప్లాజాను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏడాది పొడవునా రెండో గేరులో, మూడో గేరులో నలిగిన కార్లు ఆ రోజుల్లో కుటుంబాలను ఎక్కించుకుని వందల కిలోమీటర్లు పోతాయి. టోల్‌గేటు వరుసలో అయిదో గేరు మాటే లేదు, గేటు దాటాక అదే సరైన గేరు. అలవాటు లేని గేరును అలవాటు లేని రోడ్డు మీద వాడవలసింది సరిగ్గా ఆ రోజునే కాబట్టి, దాని స్వభావం తెలిసి ఉండటం నగరవాసికే ఎక్కువ అవసరం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. అయిదో గేరులో ఇంజిన్ నెమ్మదిస్తుంది, కారు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం మనిషిని మభ్యపెడుతుంది. 80లో ఉన్నామనుకుంటూ 100 దాటిపోతాం. గాలి మన చెవికి వినిపించినా వినిపించకపోయినా తన లెక్క తాను వేసుకుంటుంది. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే వేగం పెరిగింది పావు వంతే, కానీ ఒక్క గాలి కోసమే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. కిలోమీటరు లెక్కన చూసినా గాలి మీద ఖర్చు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. గేరు మిగిల్చినది అంతా, అంతకు మించి కూడా, ఆ 20 కిలోమీటర్ల అదనపు వేగం తినేస్తుంది. బ్రేకు వేస్తే ఆగే దూరం కూడా అలాగే పెరుగుతుంది, రోడ్డు దాటే పల్లె మనిషికి దొరికే సమయం తగ్గుతుంది. ఓవర్‌డ్రైవ్‌ను వేగపు గేరు అనుకున్నవారు పెట్రోలునూ పోగొట్టుకుంటారు, ప్రాణాలనూ పణం పెడతారు. కొన్ని కార్లు తమ గరిష్ఠ వేగాన్ని నాలుగో గేరులో అందుకుంటాయి గాని అయిదో గేరులో కాదన్నది గుర్తుంచుకుంటే, ఈ గేరును తయారుచేసినవారి ఉద్దేశం ఏమిటో అర్థమవుతుంది.

కనుక మెట్రో స్తంభాల నీడలో నడుస్తున్నంతసేపూ అయిదో గేరును మరిచిపోండి. పెద్ద అంబర్‌పేట దాటి, ముందు రోడ్డు ఖాళీగా, సమంగా కనిపించినప్పుడు వేసుకోండి. వేసుకున్నాక ఇంజిన్ చప్పుడు వినండి, అది గుంజలేకపోతే గేరు తగ్గించండి. రొద తగ్గినప్పుడల్లా ఒకసారి స్పీడోమీటరు వైపు చూడండి. ఇంజిన్‌కు ఇచ్చిన ఆ విశ్రాంతిని వేగంగా మార్చుకోకుండా అలాగే ఉండనివ్వండి.